గేములు చేసే టూల్‌ను ఓపెన్ సోర్స్‌గా వదిలేముందు

అనంతపురం, కడప, కర్నూలు కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా గేమ్ చేసేవాళ్లు కనబడతారు. గేములు చేసుకునే టూల్‌నే రాసేవాళ్లు అరుదు. రాసినవాళ్లు కూడా కోడంతా అయ్యాక, దాన్ని అందరూ చూసి మార్చుకునేలా (ఓపెన్ సోర్స్‌గా) గిట్‌హబ్ సైట్‌లో పెట్టే రాత్రి, ఏ షరతుల మీద వాడొచ్చో చెప్పే లైసెన్సుల జాబితాలో ఏదో ఒకటి నొక్కేసి పని ముగిస్తారు. హాజరు పట్టీ యాప్‌కు అట్లా చేస్తే పెద్ద నష్టం లేదు. గేమ్ టూల్‌కు ఉంది. మీరు రాసిన కోడ్‌లో ఒక ముక్క, ఆ టూల్‌తో తయారైన ప్రతి గేమ్‌లోనూ కలిసి బయటికి పోతుంది. ఆ గేమ్ ఇంకొకరిది. వాళ్ల గేమ్ మీద మీ షరతులు ఎంతవరకు పడతాయన్నది మొదటి ఫోల్డర్ పెట్టిన రోజే తేల్చుకోవాలి.

మూడు ఫోల్డర్లు, మూడు లైసెన్సులు

బయటికి ఒకటే టూల్‌గా కనిపించినా లోపల మూడు ముక్కలుంటాయి. బొమ్మలు అమర్చి, నియమాలు పెట్టి గేమ్ తయారుచేసే చోటు ఎడిటర్. తయారైన గేమ్‌ను ఆడేవాళ్ల ఫోన్‌లో నడిపేది రన్‌టైమ్. కొత్తవాళ్లకు చేతికిచ్చే బొమ్మలు, శబ్దాలు, ఫాంట్లు, నమూనా గేములు మూడోది. ఎడిటర్ తయారుచేసేవాళ్ల దగ్గరే ఆగిపోతుంది. మిగతా రెండూ గేమ్ వెంట పోతాయి. కాబట్టి రిపోలో (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) మూడింటికీ మూడు ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో దాని లైసెన్సు ఫైలు. ప్రతి సోర్స్ ఫైలు మొదటి వరుసలో ఎస్పీడీఎక్స్ గుర్తు (లైసెన్సు పేరు చెప్పే చిన్న ప్రామాణిక రాత) కూడా రాయండి. రేపు ఎవరైనా ఒక్క ఫైలునే కాపీ చేసుకుపోయినా లైసెన్సు దాని వెంటే ఉంటుంది.

జీపీఎల్ ఎడిటర్‌తో చేసినంత మాత్రాన ఆ పని జీపీఎల్ అయిపోదు. (ఆ కోడ్‌ను కలిపి పంచితే మొత్తాన్నీ అవే షరతుల మీద సోర్స్‌తో ఇవ్వాలనే లైసెన్సు జీపీఎల్.) త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ జీపీఎల్‌దే, అందులో గీసిన బొమ్మ గీసినవాళ్లది. చిక్కు వచ్చేదల్లా టూల్ తన కోడ్‌ను ఫలితంలో కలిపినప్పుడు. బ్లెండర్‌లో ఒకప్పుడు గేమ్ ఇంజన్ ఉండేది. గేమ్‌ను బ్లెండర్ ప్లేయర్‌తో కలిపి ఒకే ఫైలుగా ఇస్తే, ప్లేయర్ జీపీఎల్ కనుక ఆ ఫైలు కూడా జీపీఎల్ కిందికి వచ్చేది. (2019లో 2.80 వెర్షన్‌తో ఆ ఇంజన్‌నే తీసేశారు. దానికి కారణాలు వేరు.) బైసన్ అనే టూల్ (రాతను చదివి విడదీసే పార్సర్ కోడ్‌ను తయారుచేసేది) కూడా తన సొంత కోడ్‌ను ఫలితంలో పెడుతుంది. అందుకే ఆ భాగానికి జీపీఎల్ షరతులు పట్టవని విడిగా మినహాయింపు రాసుకుంది.

రన్‌టైమ్‌కు జీరో క్లాజ్ బీఎస్‌డీ గానీ ఎంఐటీ-0 గానీ పెట్టండి. గోడో అనే గేమ్ ఇంజన్ 2014లో ఓపెన్ సోర్స్ అయినప్పటి నుంచీ ఎంఐటీ లైసెన్సు మీదే నడుస్తోంది కదా అని అడగొచ్చు. ఎంఐటీ మంచిదే. కానీ కాపీరైట్ వరుస, లైసెన్సు పాఠం ప్రతి గేమ్‌లోనూ ఎక్కడో చూపించాలి. ఎనిమిదో తరగతి పిల్ల తన గేమ్‌ను వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆ పాఠం ఎక్కడ పెట్టాలో ఆలోచించదు. పైన చెప్పిన రెండింటికీ ఆ షరతు లేదు. డబ్బు మెలిక అసలే పెట్టకండి. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే గేమ్ ఇంజన్ కంపెనీ ఇన్‌స్టాల్‌కు ఇంతని రన్‌టైమ్ ఫీజు ప్రకటిస్తే గేములు చేసేవాళ్లు ఎదురు తిరిగారు, 2024 సెప్టెంబరులో దాన్ని రద్దు చేసుకోక తప్పలేదు. చేతికొచ్చిన గేమ్ మీద తర్వాత ఎవరో లెక్క అడుగుతారన్న అనుమానం ఉంటే మీ టూల్‌ను ఎవరూ ముట్టుకోరు.

ఎడిటర్‌కు మా ఓటు ఎంపీఎల్ 2.0 లైసెన్సుకు. ఎవరైనా మీ ఫైళ్లను మార్చి పంచితే మారిన ఫైళ్ల సోర్స్ ఇవ్వాలి, పక్కన వాళ్లు కొత్తగా రాసుకున్న ఫైళ్లు వాళ్ల ఇష్టం. ఎడిటర్‌ను సర్వర్‌లో పెట్టి నడిపే ఆలోచన ఉండి, ఇంకో కంపెనీ దాన్ని మార్చుకుని సోర్స్ ఇవ్వకుండా నడపకూడదనుకుంటే ఏజీపీఎల్ 3. మామూలు జీపీఎల్‌లో, సర్వర్ మీదే ఉండిపోయే కోడ్‌కు ఆ కట్టడి లేదు. ఇక్కడ ఇంకో మెలిక: అపాచే 2.0 లైసెన్సు ఉన్న కోడ్‌ను జీపీఎల్ 3తో కలపొచ్చు, ‘జీపీఎల్ 2 మాత్రమే’ అన్న కోడ్‌తో కలపకూడదు. ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టను (లైబ్రరీని) దించుకునే ముందు ఈ ఒక్కటి చూసుకోండి.

‘చదువు అవసరాలకు మాత్రమే’, ‘వ్యాపారానికి వాడరాదు’ అని రీడ్‌మీలో ఒక వరుస తగిలించడం మన కాలేజీ ప్రాజెక్టుల్లో అలవాటు. ఆ వరుస రాశారంటే అది ఓపెన్ సోర్స్ కాదు. ఎవరు, ఎందుకు వాడుతున్నారని ఆంక్ష పెట్టకూడదన్నది ఓపెన్ సోర్స్ నిర్వచనంలోనే ఉంది. మీ టూల్ పేరును, లోగోను కాపాడుకోవాలంటే దారి వేరు, అది ట్రేడ్‌మార్క్ సంగతి. కోడ్ అందరిది, పేరు మాత్రం మార్చిన కాపీలకు వాడకూడదని ఒక చిన్న ఫైల్లో విడిగా రాసిపెట్టండి.

దేంతో రాయాలి

కాలేజీ ల్యాబుల్లో 4 జీబీ ర్యామ్ మిషన్లు ఇంకా ఉన్నాయి, వాటిలో ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్‌కు ఈ రెండు తలనొప్పులూ తక్కువ. ఇంకో పెద్ద లాభం తెలుగు. సీ ప్లస్ ప్లస్‌లో టూల్స్ రాసేవాళ్లు ఎక్కువగా పట్టుకునే డియర్ ఇమ్‌గుయ్ అనే లైబ్రరీకి వత్తులు, గుణింతాలు కూర్చే శక్తి లేదు. అందులో తెలుగు లేబుల్ పెడితే పొల్లు ఒకచోట, వత్తు కావలసిన అక్షరం ఇంకోచోట విడివిడిగా పడతాయి. బ్రౌజర్ ఆ పనిని తానే చేస్తుంది, కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే పలక) మీద రాసినా సరే.

బ్రౌజర్ దారిలో గుంతలు నాలుగున్నాయి, ప్రతివాళ్లూ పడేవే.

మొదటిది వేగం. ఫ్రేముకు ఇన్ని పిక్సెళ్లు కదలాలని రాస్తే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు మారే) మానిటర్‌లో బాగుంటుంది, 120 హెర్ట్జ్ ఫోన్‌లో పులి బొమ్మ రెట్టింపు వేగంతో పరిగెత్తుతుంది. నియమాల లెక్కను సెకనుకు 60 సార్లని స్థిరంగా పెట్టి, గీయడం మాత్రం తెర ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చేయండి. ట్యాబ్ మార్చి అరగంటకు తిరిగొస్తే ఆ అరగంట లెక్కంతా ఒక్కసారే మీదపడి గేమ్ బిగుసుకుపోతుంది. గడిచిన సమయం ఎంతున్నా 0.25 సెకన్లకు కత్తిరించండి.

రెండోది శబ్దం. ఆడేవాళ్లు తెరను తాకకముందు బ్రౌజర్ శబ్దం రానివ్వదు. రన్‌టైమ్‌లోనే ‘మొదలుపెట్టడానికి తాకండి’ అనే తెర ఒకటి పెట్టేయండి. లేకపోతే శబ్దం రావడం లేదన్న ఫిర్యాదే రోజూ వస్తుంది.

మూడోది ఎక్స్‌పోర్ట్. గేమ్‌ను ఫోల్డర్‌గా ఇస్తే అందుకున్నవాళ్లు హెచ్‌టీఎంఎల్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తారు, ఖాళీ తెర వస్తుంది. డిస్క్ మీది నుంచి నేరుగా తెరిచిన పేజీకి పక్కనున్న కోడ్ ఫైళ్లను (మాడ్యూళ్లను), డేటా ఫైళ్లను బ్రౌజర్ భద్రత కోసం చదవనివ్వదు. మందు: బొమ్మలు, శబ్దాలు, కోడ్ అన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్లో బేస్64గా (ఫైలును అక్షరాల రూపంలోకి మార్చి) కుక్కే ఎక్స్‌పోర్ట్ ఒకటి ఉంచండి. సైజు మూడో వంతు పెరుగుతుంది. చిన్న గేములకు ఫరవాలేదు.

నాలుగోది మెమరీ. బొమ్మ ఫైలు 300 కేబీయే కావచ్చు, 2048 × 2048 బొమ్మ తెర మీదికి విప్పుకున్నాక 16 ఎంబీ తింటుంది. ఎడిటర్‌లో ఫైలు సైజు పక్కనే ఈ విప్పిన సైజూ చూపించండి. చిన్న బొమ్మలన్నిటినీ ఒకే షీటు మీద అమర్చేటప్పుడు మధ్యన 2 పిక్సెళ్ల సందు వదలాలి, లేదంటే జూమ్ చేసినప్పుడు పక్క బొమ్మ అంచు గీతలా కనిపిస్తుంది.

కరెంటు పోవడం గురించి మన జిల్లాలవాళ్లకు చెప్పాల్సింది లేదు. ప్రతి మార్పుకూ కాకపోయినా 10 సెకన్లకోసారి బ్రౌజర్‌లోని ఇండెక్స్‌డ్ డీబీ అనే నిల్వలోకి నకలు పోవాలి. డిస్క్ నిండినప్పుడు బ్రౌజర్ దాన్ని చెరిపేసే వీలుంది కాబట్టి, శాశ్వతంగా ఉంచమని బ్రౌజర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. క్రోమ్, ఎడ్జ్‌లలో నేరుగా ఫోల్డర్‌లోకే సేవ్ చేయొచ్చు. అక్కడ రాతంతా తాత్కాలిక ఫైల్లో జరిగి, మూసినప్పుడే అసలు ఫైలు మారుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది చెక్కుచెదరదు. ఫైర్‌ఫాక్స్‌లో ఆ సౌకర్యం లేదు, జిప్‌గా దించుకోనివ్వండి.

పులిమేకతో పరీక్ష

కొత్త టూల్‌కు నమూనా గేమ్ అంటే అందరూ దూకే బొమ్మ, గళ్ల నేల చేస్తారు. గళ్ల నేల ఏ టూలైనా చేస్తుంది. మీ డిజైన్‌లో లోపం బయటపడాలంటే గుడి బండల మీద గీసుకుని ఆడే పులిమేక పెట్టి చూడండి: 23 బిందువులు, 3 పులులు, 15 మేకలు. బోర్డు చదరం కాదు. పైన శిఖరం, దాన్నుంచి కిందికి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. వరుస, నిలువు అంకెలతో గడిని పట్టుకునే టూల్ ఇక్కడే చేతులెత్తేస్తుంది.

బిందువులను, ఏది దేనికి పక్కన అన్న జతలను మాత్రమే దాచారనుకోండి. మేక నడక వస్తుంది, పులి దూకుడు రాదు. ఎందుకంటే పులి మేక మీదుగా దూకాలంటే మూడు బిందువులూ ఒకే గీత మీద ఉండాలి, ఆ సంగతి జతల్లో లేదు. అందుకే గీతలను దాచండి: ఒక్కో గీతకు దాని మీద వరుసగా వచ్చే బిందువుల పేర్లు. పక్కపక్కనున్న ప్రతి రెండూ ఒక నడక, వరుసగా వచ్చే ప్రతి మూడూ ఒక దూకుడు. మిగతాదంతా టూల్ లెక్కేసుకుంటుంది, బొమ్మ గీయడం కూడా ఆ జాబితాతోనే. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టన్నది ఊరికో లెక్క. అది కోడ్‌లో కాదు, గేమ్ సెట్టింగుల్లో ఉండాలి. దీన్ని ఒక్క కోడ్ వరుస రాయకుండా మీ ఎడిటర్‌తో చేయగలిగితే, వామనగుంటలు, అష్టాచెమ్మా బోర్డులు కూడా వచ్చేస్తాయి.

ప్రాజెక్టు ఫైలును జేసన్ అనే, మనిషి చదవగల పాఠంగానే ఉంచండి. మొదటి గడిలో ఫార్మాట్ వెర్షన్ అంకె ఉండాలి. ఫార్మాట్ మార్చిన ప్రతిసారీ ముందు వెర్షన్ నుంచి తర్వాతిదానికి మార్చే చిన్న ఫంక్షన్ రాసి, పాతవాటిని పారేయకండి. వస్తువులను ‘జాబితాలో ఏడోది’ అని కాకుండా మారని గుర్తులతో పిలవండి. లేకుంటే మధ్యలో ఒకటి తీసేయగానే మేక బటన్ పులిని కదుపుతుంది. జేసన్‌లోని పేర్లను (కీలను) ఎప్పుడూ ఒకే క్రమంలో రాస్తే, మార్పులు నమోదు చేసే గిట్‌లో మారిన వరుస మాత్రమే కనిపిస్తుంది. ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చేయండి. విండోస్‌కు పెద్ద చిన్న తేడా పట్టదు, ఆండ్రాయిడ్‌కూ లినక్స్ సర్వర్‌కూ పడుతుంది. ‘ల్యాబ్‌లో వచ్చింది, ఫోన్‌లో బొమ్మ రాలేదు’ అంటే ముందుగా చూడాల్సింది అదే.

తెలుగు అక్షరం దగ్గర

సంభాషణ ఒక్కో అక్షరంగా తెర మీద పడే ఏర్పాటు ప్రతి టూల్‌లోనూ ఉంటుంది. తెలుగులో అది తేలిగ్గా చెడుతుంది. ‘రాష్ట్రం’ కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కు 8 కోడ్ పాయింట్లు (విడి గుర్తులు). ఒక్కో పాయింటే చూపిస్తూ పోతే ష, ష్, ష్ట, ష్ట్ అంటూ అక్షరం వణుకుతుంది. బ్రౌజర్‌లోని ఇంటల్ సెగ్మెంటర్ అనే సౌకర్యం అక్షరాలను విడదీస్తుంది గానీ, పొల్లు తర్వాత హల్లు వస్తే విడదీయకూడదన్న తెలుగు నియమం, అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. పాత ఫోన్లలో ‘శ్రీ’ రెండు ముక్కలవుతుంది. కాబట్టి మీరే ఒక నియమం కలపండి: ముక్క చివర పొల్లు ఉండి తర్వాతి ముక్క హల్లుతో మొదలైతే రెండూ ఒకటే. పొల్లు తర్వాత విడదీసే గుర్తు, అంటే యూనికోడ్‌లో 200సీ, ఉంటే మాత్రం కలపకండి. ‘మార్కెట్‌లో’ అన్నప్పుడు ట కింద ల వత్తు రాకుండా ఆపేది అదే. 2018 ఫిబ్రవరిలో ఒక్క ‘జ్ఞా’తో ఐఫోన్లు కుప్పకూలిన సంగతి గుర్తుంటే ఇది చాదస్తం అనిపించదు.

వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల ఎడం ఫాంటు సైజుకు కనీసం 1.5 రెట్లు ఇవ్వండి. ఫాంట్లకు వెతుక్కోనక్కర్లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, గిడుగు, సురవరం వంటివన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి. గేమ్‌లో కలపొచ్చు, గేమ్‌ను అమ్మొచ్చు, ఫాంటును ఒంటరిగా అమ్మకూడదు. సైజు తగ్గించేందుకు అవసరంలేని అక్షరాలు తీసేస్తే అది మార్పు కిందికే వస్తుంది. లైసెన్సు ఫైల్లో రిజర్వుడ్ పేరు అని ఉంటే, తగ్గించిన కాపీకి వేరే పేరు పెట్టాలి.

బొమ్మలు ఎవరివి

నమూనా బొమ్మలు, శబ్దాలు సీసీ0లో (హక్కులన్నీ వదులుకునే ఏర్పాటు) ఇవ్వండి. పేరు చెప్పాలన్న బాధ ఉండదు. లేపాక్షి పైకప్పు చిత్రాలు 16వ శతాబ్దివి, వాటికి కాపీరైట్ లేదు. కానీ ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోకు ఉంది, అది తీసినవాళ్లది. మీరే వెళ్లి తీసుకోండి. నిమ్మలకుంట తోలుబొమ్మల బొమ్మ కావాలంటే ఆ కళాకారుడిని అడిగి, డబ్బిచ్చి, కాగితం మీద రాయించుకోవాలి. మన కాపీరైట్ చట్టం, 1957, సెక్షన్ 19 ప్రకారం కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. సెక్షన్ 30ఏ దీన్నే లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. ఏడాదిలోపు వాడుకోకపోతే హక్కు రద్దయ్యే క్లాజూ ఉంది. కాబట్టి ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం, వాడడం ఎప్పుడు మొదలైనా’ అన్న మూడు మాటలూ ఆ కాగితంలో తెలుగులోనే ఉండాలి, సీసీ0 అంటే ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని విడమరిచి చెప్పాలి. అది ఇష్టం లేదంటే వాళ్ల పేరు చెప్పే సీసీ బై 4.0 అడగండి. అప్పుడు ఎక్స్‌పోర్టర్ ఆ పేరును ప్రతి గేమ్‌లో తానే వేసేట్టు చూసుకోండి.

ఇతరుల కోడ్ వచ్చినప్పుడు

తమ మార్పును చేర్చమని ఇతరులు పంపే పుల్ రిక్వెస్ట్ మొదటిది రాకముందే నియమం పెట్టుకోవాలి. లైసెన్సు మార్చాలని రెండేళ్ల తర్వాత అనిపిస్తే కోడ్ ఇచ్చిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి, వాళ్లలో సగంమంది నంబర్లు మారిపోయి ఉంటాయి. పెద్ద ఒప్పంద పత్రాలు వద్దు. లినక్స్ కెర్నల్‌లో 2004 నుంచి వాడుతున్న డీసీఓ పద్ధతి చాలు: మార్పును గిట్‌లో నమోదు (కమిట్) చేసేటప్పుడు మైనస్ ఎస్ అని కలిపితే ‘సైన్డ్ ఆఫ్ బై’ వరుస వస్తుంది, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని చెప్పినట్టు. ఆ వరుస లేని కమిట్‌ను ఆటోమేటిగ్గా తిప్పికొట్టే చెక్ పెట్టండి.

హక్కు నిజంగా ఉందా అన్నది వేరే ప్రశ్న. ఉద్యోగంలో భాగంగా రాసింది అదే కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. బెంగళూరులో పనిచేస్తూ సెలవుకు ఊరొచ్చి కోడ్ ఇచ్చే మిత్రుడిని ఆఫర్ లెటర్ ఒకసారి చదువుకోమనండి. కొన్నింట్లో ఇంట్లో రాసింది కూడా కంపెనీదే అని ఉంటుంది. విద్యార్థి ఉద్యోగి కాదు, తను రాసింది మామూలుగా తనదే. కానీ కాలేజీకి ఐపీ (మేధోసంపత్తి) పాలసీ ఉంటే, ప్రాజెక్టుకు కాలేజీ డబ్బిచ్చి ఉంటే, హెచ్ఓడీ నుంచి అభ్యంతరం లేదని రెండు వరుసల ఉత్తరం తీసుకుని దాచండి.

మైనర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి అయ్యాకే చేరతారు. పీయూసీ రెండేళ్లలో ఉన్నవాళ్లకు 18 నిండవు. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో చెప్పింది, నేటికీ అదే నడుస్తోంది. వాళ్ల కోడ్ వద్దనడం అన్యాయం. అమ్మో నాన్నో సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి, రిపోలో కాకుండా మీ దగ్గర ఉంచండి. అందులో ఇంటి వివరాలుంటాయి.

విడుదల

రన్‌టైమ్‌ను మినిఫై చేసేటప్పుడు (సైజు కుదించేటప్పుడు) కామెంట్లు ఎగిరిపోతాయి, వాటితోపాటే మీరు వాడిన లైబ్రరీల కాపీరైట్ వరుసలూ పోవచ్చు. మీది జీరో క్లాజ్ అయినా వాళ్లది ఎంఐటీ కావచ్చు, వాళ్ల షరతు అట్లాగే ఉంది. లైసెన్సు కామెంట్లను విడి ఫైల్లోకి తీసే ఆప్షన్ ఈఎస్‌బిల్డ్ అనే టూల్‌లో ఉంది, అది ఆన్ చేసి, ఆ పాఠాన్ని ‘ఈ గేమ్ గురించి’ తెరలో ఎక్స్‌పోర్టర్ చేతే పెట్టించండి. గేమ్ చేసినవాళ్లు దాని గురించి ఆలోచించే పనే ఉండకూడదు.

ప్రతి ఎక్స్‌పోర్ట్‌లో రన్‌టైమ్ వెర్షన్ అంకె ఉండాలి. మీరు ఇవాళ సరిచేసిన తప్పు నిన్న బయటికెళ్లిన గేమ్‌లోకి తనంతట తాను చేరదు. ఎవరు మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలో ఆ అంకె చూస్తేనే తెలుస్తుంది.

ఖర్చులకు దారులు తక్కువే అయినా ఉన్నాయి. షేర్ బ్రోకింగ్ సంస్థ జెరోధా 2024లో మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్ ఒక్కో ప్రాజెక్టుకు 10,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా ఇస్తుంది. అడగాలంటే ప్రాజెక్టులో ఫండింగ్ డాట్ జేసన్ అనే ఫైలు ఉండాలి. అప్పటికే నలుగురు వాడుతున్న టూల్ అయితేనే అడగడం మేలు.

ఆండ్రాయిడ్ ఎక్స్‌పోర్ట్ పెడితే సంతకం కీ (గేమ్ ఎవరిదో ఫోన్‌కు రుజువు చేసే రహస్య ఫైలు) దగ్గర జాగ్రత్త. అందరి గేములకూ మీ టూల్‌లోని ఒకే పరీక్ష కీతో సంతకం చేయించకండి. గేమ్ చేసేవాళ్ల చేత వాళ్ల సొంత కీ తయారు చేయించి, దాని నకలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నారని టిక్ పెట్టాకే ఎక్స్‌పోర్ట్ బటన్ వెలగనివ్వండి. ఫోన్ నుంచి ఫోన్‌కు ఏపీకే ఫైలుగా పంచుకునే గేమ్‌కు ఆ కీ పోయిందంటే, పాత గేమ్‌ను తీసేసి, దాచిన స్కోర్లన్నీ పోగొట్టుకుంటే తప్ప కొత్త వెర్షన్ ఎక్కదు.